యుద్ధంలో చనిపోయిన బ్రిటిష్ ఆఫీసర్ మెడల్: అసలుదో కాదో తేల్చడం ఎలా?

పాత సామాన్లు అమ్మేవాళ్ల దగ్గరో, ఆన్‌లైన్ వేలంలోనో ఒక వెండి మెడల్ కనిపిస్తుంది. అంచు మీద ర్యాంకు, పేరు, పటాలం. పక్కన అమ్మేవాళ్లు రాసిన మాట: "యుద్ధంలో మరణించిన ఆఫీసర్‌ది." ఆ ఒక్క ముక్కతో ధర ఎన్నో రెట్లు పెరిగిపోతుంది. అందుకే ముందుగా అనుమానించాల్సింది కూడా ఆ ముక్కనే.

ఇందులో మనకు కలిసొచ్చే విషయం ఒకటుంది. ఆయన చనిపోయిన తేదీ. ఆ రోజు తర్వాత ఆయనకి ప్రమోషన్ లేదు, ఇంకో యుద్ధం లేదు, మెడల్ పెట్టుకుని పరేడ్‌కి వెళ్లడం లేదు. ఏ పోరాటంలో ప్రాణం పోయిందో దానికి ఇచ్చిన మెడల్‌ని ఆయన అసలు చూసే ఉండడు. ఎందుకంటే యుద్ధం ముగిశాకే మెడల్ ప్రకటించి, టంకశాలలో కొట్టించి, ఇంటివాళ్లకి ఇచ్చేవారు. ఈ తేదీని వదలకుండా పట్టుకుంటే చాలా మోసాలు భూతద్దం తీయకముందే బయటపడతాయి.

మొదట: తేదీ, చోటు, పటాలం

ఒక కాగితం మీద మూడు విషయాలు రాసుకోండి: చనిపోయిన తేదీ, పోరాటం జరిగిన చోటు, పటాలం. అమ్మేవాళ్లు చెప్పింది రాసుకోవద్దు, మీరే వెతకండి. ఆఫీసర్ల విషయంలో ఇది కష్టం కాదు. యుద్ధంలో ఆఫీసర్ చనిపోతే సేనాని పంపిన నివేదికలో పేరు వచ్చేది, ఆ నివేదికలు లండన్ గెజిట్‌లో అచ్చయ్యేవి. గెజిట్ పాత సంచికలన్నీ దాని సొంత వెబ్‌సైట్‌లో ఉచితంగా వెతుక్కోవచ్చు. ఏటా అచ్చయ్యే ఆర్మీ లిస్టులు, అంటే ఆఫీసర్ల జాబితాలు, స్కాట్లాండ్ నేషనల్ లైబ్రరీ సైట్‌లో ఉన్నాయి, వాటికీ డబ్బు కట్టక్కర్లేదు. వాటిలో 1839 నుంచి వచ్చిన హార్ట్స్ ఆర్మీ లిస్ట్ మన పనికి బాగా అక్కరకొస్తుంది. ఆఫీసర్ అంతకుముందు ఏయే యుద్ధాల్లో ఉన్నాడో పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఇచ్చేవారు.

వెతికేటప్పుడు ఊరి పేరు ఒకే స్పెల్లింగ్‌తో టైప్ చేసి ఊరుకోకండి. దక్షిణాఫ్రికాలోని ఇసాండ్ల్వానాని ఆనాటి కాగితాల్లో మధ్యలో ఒక 'హెచ్' చేర్చి రాశారు, ఇసాండులా అని కూడా రాశారు. పంజాబ్‌లోని చిలియన్‌వాలాకి క్లాస్ప్ (రిబ్బన్ మీది వెండి పట్టీ) మీద ఒక 'ఎల్', పుస్తకాల్లో రెండు.

ఆ పోరాటానికి అసలు మెడల్ ఉందా?

చాలామంది దాటేసే మెట్టు ఇదే. ప్రతి యుద్ధానికీ మెడల్ ఇవ్వలేదు. ఇచ్చినా చనిపోయినవాళ్లందరికీ ఇవ్వలేదు.

1803 సెప్టెంబర్ 23న అస్సాయేలో, అంటే ఇప్పటి మహారాష్ట్రలోని జాల్నా జిల్లాలో, ఆర్థర్ వెల్లస్లీ సైన్యం మరాఠాలతో తలపడింది. 74వ హైల్యాండర్స్‌లో చాలామంది ఆఫీసర్లు అక్కడే పోయారు. ఆ యుద్ధానికి ఆర్మీ ఆఫ్ ఇండియా మెడల్ మంజూరైంది 1851లో, అంటే 48 ఏళ్ల తర్వాత. అదీ అప్పటికి బతికున్నవాళ్లకే. కాబట్టి "అస్సాయేలో నేలకొరిగిన లెఫ్టినెంట్ మెడల్" అని ఎవరైనా ఆ క్లాస్ప్‌తో చూపిస్తే ఇంకేమీ చూడక్కర్లేదు, దండం పెట్టి వచ్చేయండి.

1881 ఫిబ్రవరి 27న దక్షిణాఫ్రికాలోని మజూబా కొండ మీద బోయర్ల (అక్కడ స్థిరపడ్డ డచ్ సంతతి తెల్లవాళ్ల) చేతిలో సర్ జార్జ్ కాలీ చనిపోయాడు. ఆయన మేజర్ జనరల్, పైగా అక్కడి సైన్యానికి అధిపతి. అయినా ఆ యుద్ధానికి మెడల్ లేదు. ఓడిపోయిన యుద్ధానికి మెడల్ కొట్టించే ఉత్సాహం ఎవరికి ఉంటుంది?

మన దగ్గరి సంగతీ అంతే. 1922 సెప్టెంబర్ 24న దామనపల్లి ఘాట్‌లో అల్లూరి సీతారామరాజు దళం చేతిలో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల పోలీసు అధికారులు చనిపోయారు. అదే కాలంలో జరిగిన మలబారు తిరుగుబాటుకి 1908 నాటి ఇండియా జనరల్ సర్వీస్ మెడల్ మీద "మలబార్ 1921-22" అని క్లాస్ప్ ఇచ్చారు. రంపకి మాత్రం క్లాస్ప్ లేదు. ఎవరైనా "మన్యం యుద్ధం మెడల్" అని అమ్మజూపితే అది ఊహించి పెట్టిన పేరే.

ఇంకో తికమక కూడా ఉంది. యుద్ధంలో పాల్గొన్నందుకు ఇచ్చే మెడల్ వేరు, సాహసానికి ఇచ్చేది వేరు. 1879లో ఇసాండ్ల్వానాలో 24వ పటాలం జెండాని కాపాడబోయి బఫెలో నది ఒడ్డున చనిపోయిన మెల్విల్, కాగిల్ అనే లెఫ్టినెంట్లకి విక్టోరియా క్రాస్ వచ్చింది 1907లో. వాళ్లు పోయిన రోజుల్లో చనిపోయినవాళ్లకి దాన్ని ఇచ్చే పద్ధతి లేదు. యుద్ధ మెడల్‌కి ఆ అడ్డు లేదు, అది ఇంటివాళ్లకి వెళ్లేది.

క్లాస్ప్‌ని తేదీతో పోల్చండి

రిబ్బన్ మీద, మెడల్‌కి పైన, అడ్డంగా ఉండే సన్నటి వెండి పట్టీయే క్లాస్ప్. దాని మీద యుద్ధం పేరో, ఏడాదో ఉంటుంది. ఈ మెట్టు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగండి.

చిలియన్‌వాలానే తీసుకుందాం. 1849 జనవరి 13న, ఇప్పటి పాకిస్తాన్ పంజాబ్‌లో, లార్డ్ గఫ్ సైన్యానికీ షేర్ సింగ్ నాయకత్వంలోని సిక్కు సైన్యానికీ జరిగిన పోరు అది. 24వ పటాలం తుపాకులు పేల్చకుండా బాయ్‌నెట్లతోనే ఫిరంగుల మీదికి వెళ్లింది. ఆ ఒక్క పటాలంలోనే 13 మంది ఆఫీసర్లు చనిపోయారు. బ్రిగేడియర్ జాన్ పెన్నీక్విక్ పడిపోతే, అదే పటాలంలో ఎన్‌సైన్‌గా (అన్నిటికన్నా చిన్న ఆఫీసర్ ర్యాంకు) ఉన్న ఆయన పదిహేడేళ్ల కొడుకు అలెగ్జాండర్ తండ్రి శవాన్ని విడిచిపెట్టక అక్కడే ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ పేరు ఎక్కడో విన్నట్టుంది కదా? ముళ్లపెరియార్ డ్యామ్ కట్టిన ఇంజనీర్ జాన్ పెన్నీక్విక్ ఆ బ్రిగేడియర్ కొడుకే. తండ్రీ అన్నా పోయేనాటికి ఆయనకి ఎనిమిదేళ్లు కూడా నిండలేదు.

ఈ యుద్ధానికి పంజాబ్ మెడల్ మంజూరైంది 1849 ఏప్రిల్ 2న. క్లాస్ప్‌లు మూడు: మూల్తాన్, చిలియన్‌వాలా, గుజరాత్. ఈ గుజరాత్ మన దేశంలోని రాష్ట్రం కాదు, ఆ పంజాబ్‌లోనే ఉన్న ఒక ఊరు. అక్కడ పోరు జరిగింది ఫిబ్రవరి 21న. అంటే జనవరి 13న చనిపోయినవాడికి ఆ క్లాస్ప్ రాదు. 24వ పటాలంలో బతికి బయటపడ్డవాళ్లలో చాలామంది మెడల్స్ మీద చిలియన్‌వాలా, గుజరాత్ రెండూ ఉంటాయి, చనిపోయినవాళ్లకి ఒక్కటే ఉండాలి. "రెండు క్లాస్ప్‌లున్నాయి, విలువ ఎక్కువ" అని అమ్మేవాళ్లు చెప్తున్నది నిజానికి అది చనిపోయినవాడిది కాదనడానికి సాక్ష్యం.

ఇసాండ్ల్వానా సంగతి ఇంకోలా ఉంటుంది. 1879 జనవరి 22న జులూ తెగవాళ్లు బ్రిటిష్ శిబిరాన్ని ఊడ్చేశారు. బ్రిటిష్ వైపు చనిపోయిన సుమారు 1,300 మందిలో ఆఫీసర్లే 52 మంది. కానీ సౌత్ ఆఫ్రికా మెడల్ క్లాస్ప్‌ల మీద యుద్ధం పేరు ఉండదు, సంవత్సరాలే ఉంటాయి. 24వ పటాలంలో ముందునుంచీ ఉన్నవాళ్లకి ఎక్కువగా "1877-8-9" వచ్చింది, కొత్తగా వచ్చి చేరినవాళ్లకి "1879". ఒక్కరికి ఒక్క క్లాస్ప్‌కి మించి లేదు. "ఇసాండ్ల్వానా" అని రాసున్న క్లాస్ప్ చూపిస్తే అది ఎవరో చేయించింది.

అసలు క్లాస్ప్ లేకపోతే? తీసిపారేయకండి. 1880 జులై 27న మైవంద్‌లో 66వ పటాలం అఫ్ఘాన్ల చేతిలో చితికిపోయింది, కల్నల్ గాల్‌బ్రెయిత్ అక్కడే చనిపోయాడు. అఫ్ఘానిస్తాన్ మెడల్‌కి ఆరు క్లాస్ప్‌లున్నాయి గానీ వాటిలో మైవంద్ లేదు. కాబట్టి ఆ పటాలంలో మైవంద్‌లో పోయినవాడి మెడల్ బోసిగా ఉండటమే సరైనది. దాని మీద "కాందహార్" క్లాస్ప్ కనిపిస్తే అనుమానించండి. ఆ పోరు సెప్టెంబర్ 1న జరిగింది.

బోయర్లతో 1899-1902లో జరిగిన రెండో యుద్ధానికి మాత్రం రాణి మెడల్, రాజు మెడల్ అని రెండు వచ్చాయి. రాజుది రావాలంటే 1902 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ దక్షిణాఫ్రికాలో సర్వీసులో ఉండాలి. ఆ యుద్ధం మొదట్లోనే కొలెన్సోలోనో స్పియన్ కాప్‌లోనో చనిపోయినవాడి పేరుతో రెండూ కలిపి అమ్ముతుంటే రెండోది ఎవరిదో కనుక్కోండి. ప్రసక్తి వచ్చింది కాబట్టి చెప్తున్నా: స్పియన్ కాప్ దగ్గర గాయపడ్డవాళ్లని మోసినవాళ్లలో గాంధీ నడిపిన భారతీయ అంబులెన్స్ దళం ఉంది, అందులో నటాల్ చెరకు తోటల కూలీలు కూడా ఉన్నారు. గాంధీకి వచ్చిన బోయర్ యుద్ధం మెడల్‌ని ఆయన 1920లో వైస్రాయ్‌కి తిప్పి పంపేశారు.

అంచు చూడటం

ఇప్పుడు భూతద్దం తీయండి. బంగారం షాపుల్లో వాడే పది రెట్ల లెన్స్ చాలు. గది లైటు తీసేసి, ఫోన్ టార్చ్‌ని పక్కనుంచి ఏటవాలుగా వేసి, అంచుని నెమ్మదిగా తిప్పండి. సూటిగా పడే వెలుతురులో కనిపించని గీతలు ఏటవాలు వెలుతురులో లేచి కనిపిస్తాయి.

మోసం సాధారణంగా ఇలా జరుగుతుంది. మెడల్ అసలుదే, పేరు మాత్రం మామూలు సిపాయిది. ఆ పేరుని ఆకురాయితో అరగదీసి, చనిపోయిన ఆఫీసర్ పేరు చెక్కుతారు. లోహం తీసేస్తే కొలత తగ్గక తప్పదు. సౌత్ ఆఫ్రికా మెడల్, పంజాబ్ మెడల్ రెండూ 36 మిల్లీమీటర్లు. వెర్నియర్ కాలిపర్‌తో నాలుగైదు చోట్ల కొలవండి. ఒక్కచోట తగ్గినా, పేరు ఉన్న మేర అంచు గుంటపడినట్టు ఉన్నా, అక్షరాల వెనక సన్నటి గీతలన్నీ ఒకే దిక్కుకి పోతున్నా పేరు మార్చారనే అనుకోవాలి. పాత అక్షరం తాలూకు నీడ ఒక్కోసారి కొత్త అక్షరం కింద కనిపిస్తుంది కూడా.

అక్షరాల తీరూ చూడండి. పంజాబ్ మెడల్ మీద పేరుని రోమన్ పెద్ద అక్షరాలతో అచ్చు కొట్టారు. సౌత్ ఆఫ్రికా మెడల్ మీద పేరు చెక్కారు. అచ్చు కొట్టిన అక్షరం లోతు అంతటా ఒకేలా ఉంటుంది, చెక్కినదాంట్లో ఉలి మొదలైన చోటా ఆగిన చోటా తేడా తెలుస్తుంది. ఒకదాని పద్ధతి ఇంకోదాని మీద కనిపిస్తే ఆగండి. పటాలం ప్రతి సిపాయికీ ఇచ్చే సొంత నంబరు ఆఫీసర్‌కి ఉండదు. "లెఫ్టినెంట్" ముందు నాలుగంకెల నంబరు ఉందంటే చెక్కినవాడికి ఆ సంగతి తెలియదన్నమాట. ర్యాంకు కూడా చూడండి. చనిపోయిన రోజున లెఫ్టినెంట్‌గా ఉన్నవాడు మెడల్ మీద మేజర్ కాలేడు.

అన్ని మెడల్స్ మీదా పేరు ఉండదని కూడా గుర్తుంచుకోండి. 1799 శ్రీరంగపట్నం మెడల్, 1839 గజ్నీ మెడల్ పేర్లు లేకుండానే ఇచ్చారు. పైన చెప్పిన బ్రిగేడియర్ పెన్నీక్విక్ 17వ పటాలంలో ఉండగా గజ్నీలో పోరాడినవాడే. ఇష్టమున్నవాళ్లు గజ్నీ మెడల్ మీద సొంత ఖర్చుతో పేరు చెక్కించుకున్నారు. వీటి మీద పేరు ఉన్నంత మాత్రాన ఏదీ రుజువు కాదు. లేకపోతే ఎవరిదో చెప్పడానికి మెడల్ ఒక్కటీ చాలదు.

అరుగుదల

బతికినవాడు పక్కపక్కనే రెండు మూడు మెడల్స్ పెట్టుకుని గుర్రమెక్కుతాడు, దిగుతాడు, కవాతు చేస్తాడు. అవి ఒకదానికొకటి తగిలి మెడల్ మీద ఉన్న రాణి బొమ్మ బుగ్గ మీదా అంచు మీదా చిన్న చిన్న నొక్కులు పడతాయి. చనిపోయినవాడి ఆఖరి మెడల్‌కి ఆ అవకాశమే లేదు. అది తల్లి బీరువాలోనో, గోడ మీద అద్దాల ఫ్రేములోనో ఉండిపోతుంది. కాబట్టి నొక్కులు లేకుండా నునుపుగా ఉండటం మంచి సూచన. తోమడం వల్ల ముక్కూ జుట్టూ కాస్త అరిగుండొచ్చు, దానికి భయపడక్కర్లేదు. తోముడు అరుగుదల మెత్తగా, అంతటా ఒకేలా ఉంటుంది. దెబ్బలు అలా ఉండవు.

అదే ఆఫీసర్‌కి అంతకుముందు వచ్చిన మెడల్ ఉంటే అది మాత్రం అరిగి ఉండాలి. ఒకటి అరిగి, ఒకటి కొత్తగా ఉన్న జత కనిపిస్తే నాకైతే నమ్మకం పెరుగుతుంది. రెండూ ఒకే మాదిరిగా నలిగి ఉంటేనే సందేహం.

పేరు నిజంగా ఆయనదేనా?

మెడల్‌కి వంక పెట్టడానికి ఏమీ లేకపోయినా మనిషి వేరే అయ్యే అవకాశం ఉంది. ఒకే ఇంటిపేరుతో అన్నదమ్ములు, తండ్రీ కొడుకులు ఒకే పటాలంలో ఉండటం ఆ సైన్యంలో మామూలే. పెన్నీక్విక్‌ల సంగతే చూడండి: ఒకే ఇంటిపేరు, ఒకే పటాలం, ఒకే రోజు. ర్యాంకు, మొదటి పేరు చూడకపోతే పప్పులో కాలేసినట్టే. 24వ పటాలానికి రెండు బెటాలియన్లున్న కాలంలో అంచు మీద బెటాలియన్ అంకె కూడా చెక్కారు. దాన్నీ పోల్చండి.

దీన్ని తేల్చేది మెడల్ రోల్. అంటే ఎవరెవరికి ఏ మెడల్, ఏ క్లాస్ప్ ఇవ్వాలో పటాలం రాసి పంపిన జాబితా. బ్రిటిష్ సైన్యానివి లండన్ శివార్లలోని క్యూలో ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో "డబ్ల్యూఓ 100" అనే వరుసలో ఉన్నాయి. యాన్సెస్ట్రీ వెబ్‌సైట్‌లో వాటి స్కాన్‌లు దొరుకుతాయి గానీ చందా కట్టాలి. లండన్‌లో మనవాళ్లు ఎవరైనా ఉంటే ఒకరోజు క్యూకి వెళ్లి చూడమనండి, రీడర్స్ టికెట్‌కి డబ్బు తీసుకోరు. పేరు ఎదురుగా క్లాస్ప్, చివరి గడిలో "యుద్ధంలో మరణం" లాంటి రిమార్కు కోసం చూడాలి. ఆ పేజీ మొత్తం ఫొటో తీయించండి, ఒక్క గీతే కాదు. పైనున్న తలకట్టు లేకపోతే ఆ గీత ఏ పటాలానిదో రేపు మీకే గుర్తుండదు.

ఆఫీసర్ రాణి సైన్యంలో కాకుండా కంపెనీ సైన్యంలోనో, తర్వాతి ఇండియన్ ఆర్మీలోనో ఉంటే క్యూ కన్నా ముందు బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ రికార్డులు చూడాలి. మద్రాసు పటాలాల తెల్ల ఆఫీసర్లు ఈ కోవలోకే వస్తారు. బర్మా యుద్ధాలకి మన జిల్లాల సిపాయిలతో వెళ్లినవాళ్లు వాళ్లే. అక్కడ వీలునామాలూ, చనిపోయినవాడి సామాను జాబితాలూ ఉన్నాయి. దండులో ఆఫీసర్ పోతే సామాను తోటివాళ్ల మధ్య వేలం వేసి, వచ్చిన సొమ్ము ఇంటికి పంపడం ఆనవాయితీ. జీను, గడియారం, పుస్తకాలు అన్నీ ఆ జాబితాలోకి ఎక్కేవి. చదువుతుంటే మెడల్ కన్నా అదే ఎక్కువ చెప్తుంది. ఈ రికార్డుల సూచికలు కొన్ని బ్రిటిష్ ఇండియా కుటుంబాల సంఘం ఫిబిస్ సైట్‌లో ఉచితంగా వెతకొచ్చు.

కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ సైట్‌లో పేరు దొరకలేదని కంగారుపడొద్దు. వాళ్లు చూసేది రెండు ప్రపంచ యుద్ధాల మృతుల్ని మాత్రమే. 24వ పటాలం గురించి సందేహం ఉంటే వేల్స్‌లోని బ్రెకన్‌లో దాని మ్యూజియం ఉంది, ఈమెయిల్ రాయొచ్చు. లండన్ వేలం సంస్థలు స్పింక్, నూనన్స్ పాత అమ్మకాల వివరాలు వాళ్ల సైట్లలో ఉంటాయి. అదే పేరు మెడల్ ఇదివరకే ఒకసారి అమ్ముడై ఫొటో ఉంటే, మీ ముందున్నదాని గీతలతో పోల్చండి. రెండు వేర్వేరు మెడల్స్ ఒకే మనిషి పేరుతో తిరుగుతున్నాయంటే కనీసం ఒకదానికి సమాధానం కావాలి.

మీ చేతికొచ్చాక

తోమకండి. చింతపండు, విభూతి, టూత్‌పేస్ట్ ఏదీ వద్దు. నల్లబడ్డ వెండి నల్లగానే ఉండనివ్వండి, పైనున్న ఆ పొర కూడా వయసుకి సాక్ష్యమే. మామూలు ప్లాస్టిక్ కవర్లో కాకుండా ఆమ్లం లేని కాగితంలో చుట్టి పెట్టండి. పాత రిబ్బన్ చివికిపోయినా పారేయకుండా విడిగా ఉంచండి.

మెడల్ వందేళ్లు దాటినదైతే 1972 నాటి పురావస్తువుల చట్టం గుర్తుంచుకోవాలి. దాని ప్రకారం భారతదేశంలో ఉన్న అలాంటి వస్తువుని ప్రైవేటు వ్యక్తులు విదేశాలకి పంపకూడదు. అమెరికాలోనో లండన్‌లోనో ఉన్న కొనుగోలుదారు మంచి ధర ఇస్తానన్నా కొరియర్‌లో పెట్టేయడం నేరం. అలాంటివాటితో వ్యాపారం చేయాలంటే లైసెన్సు కావాలి. కాబట్టి దుకాణదారు దగ్గర కొంటే బిల్లు అడిగి తీసుకోండి. బిల్లు ఇవ్వనంటే బేరం ఆపేయడమే మేలు.

ఆఖరుగా ఒక ఫైలు పెట్టండి. అంచు ఫొటోలు, కొలతలు, గెజిట్ పేజీ, రోల్ పేజీ, బిల్లు. ఏది ఎక్కడ దొరికిందో, ఏ తేదీన చూశారో ప్రతి కాగితం వెనక పెన్సిల్‌తో రాయండి. తేలని విషయం ఉంటే తేలలేదనే రాయండి.